ఫాస్ట్ అంటే ఏంది సార్

ముత్తుకూరు బజారులో సుమయ్య దగ్గర గుడ్డలు కుట్టించుకోవాలంటే కాస్త ఓపిక ఉండాలి. జాకెట్టు లూజుగా కుట్టమని ఎవరైనా చెబితే ఆమె టేపు మెడలో వేసుకుని, "లూజు అంటే ఎంత లూజక్కా? ఒక వేలు దూరేంతా, రెండు వేళ్ళు దూరేంతా?" అని అడుగుతుంది. "మామూలుగా కుట్టు తల్లీ, నీకు తెలీదా" అంటే, "నీ మామూలు వేరు, మీ తోడికోడలి మామూలు వేరు" అంటుంది. ఆ సంగతి తేలేదాకా కత్తెర ముట్టుకోదు. విసుక్కుని వేరే దర్జీ దగ్గరికి పోయినవాళ్ళున్నారు. పోయి మళ్ళీ ఆమె గడప తొక్కినవాళ్ళు అంతకన్నా ఎక్కువ మంది.

ఆమె పుట్టింది కోవూరులో. తండ్రి సైకిలు మీద గాజులమ్మేవాడు. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. అన్ని పేపర్లలో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంగ్లీషు ఒక్కటీ ముప్పై ఎనిమిదితో గట్టెక్కింది. టీచరు ట్రైనింగుకు పోవాలని ఆశపడింది గానీ ఆ ఏడే ముత్తుకూరు సంబంధం కుదిరింది. భర్త ఆసిమ్‌ది పరుపుల పని. దూది ఏకడం, పరుపు నింపడం, జానెడు పొడవున్న సూదితో అంచులు కుట్టడం తాతల నాటి నుంచీ వాళ్ళింటి విద్య. అతను కుట్టిన పరుపు పదిహేనేళ్ళు గుంట పడదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. అయితే ఫోనులో నొక్కితే అట్టపెట్టెలో చుట్టచుట్టిన పరుపు ఇంటికొచ్చే రోజులొచ్చాయి. దూది పరుపు అడిగేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోయి, చివరికి పెళ్ళిళ్ళకు కూడా ఎవరూ పిలవడం మానేశారు. అప్పుడు ఆసిమ్ ముప్పై ఎనిమిదో ఏట జెట్టీలో పనికి చేరాడు.

అది పెద్ద రేవుకు చాలా దూరంగా, సముద్రపు పాయ మీద ఉన్న చిన్న ప్రైవేటు జెట్టీ. నెలకు నాలుగైదు చిన్న ఓడలు వస్తాయి. గట్టు మీద పని ఒక కాంట్రాక్టు కంపెనీది. ఆసిమ్‌కు ఇచ్చిన ఉద్యోగం పేరు లైన్‌మ్యాన్.

"లైన్‌మ్యానా? నువ్వు కరెంటు స్తంభాలెక్కుతావా నాయనా?" అని అతని తల్లి జమాల్‌బీ కంగారుపడింది.

"కాదుమా, అక్కడ తాడును లైన్ అంటారు. ఓడ గట్టుకొచ్చినప్పుడు తాళ్ళు విసుర్తారు. వాటిని పట్టుకుని ఇనుప మొద్దులకి తగిలించాల. అంతే పని."

ఆ ఇనుప మొద్దుల్ని బొల్లార్డులంటారని, తాడు ఒక్కోటి తొడ లావుంటుందని, దాని చివర ఉచ్చు వేసి ఉంటుందని అతను వారం తిరిగేలోపు నేర్చుకున్నాడు. మొదటి రోజు పూట సేపు శిక్షణ అన్నారు. ఇంగ్లీషులో ఒక వీడియో వేశారు. నెత్తికి టోపీ, ఒంటికి నారింజ రంగు కోటు, కాళ్ళకు బూట్లు ఇచ్చి, మూడు చోట్ల సంతకం తీసుకున్నారు. తక్కిన విషయాలు పక్కవాణ్ణి చూసి నేర్చుకోవడమే.

చేరిన మూడో వారంలో రంజాన్ మొదలై, ఆసిమ్ రోజా ఉపవాసాలు పట్టాడు. పన్నెండో రోజా నాటి పొద్దున తొమ్మిది గంటలప్పుడు ఓడ ఒకటి గట్టు దగ్గరికి వస్తోంది. సముద్రం కొంచెం పొంగు మీద ఉంది. ఓడ ముక్కు దగ్గర నిలబడ్డ ఆఫీసరు సన్నతాడు విసిరాడు. ఆసిమ్, ఇంకో ఇద్దరూ దాన్ని లాగి, దాని వెనకే వచ్చిన పెద్ద తాడు ఉచ్చును చేతికి తీసుకున్నారు. అడుగు దూరంలోనే ఒక బొల్లార్డు ఉంది. ఇరవై గజాల అవతల ఇంకోటి ఉంది. పైనుంచి ఆ ఆఫీసరు, "మేక్ ఫాస్ట్! మేక్ ఫాస్ట్!" అని కేకేశాడు.

ఆసిమ్ చెవికి పడింది ఫాస్ట్ అనే మాట. ఆలస్యం చేస్తున్నందుకు అరుస్తున్నారనుకున్నాడు. ఉచ్చు భుజాన వేసుకుని అవతలి బొల్లార్డు వైపు పరుగందుకున్నాడు. అదే క్షణంలో పొంగు ఓడను వెనక్కి లాగింది. వదులుగా ఉన్న తాడు ఒక్కసారిగా బిగిసి గట్టు మీద కొరడాలా లేచింది. అతను కింద పడ్డాడు. ఎడమ చెయ్యి తాడుకూ గట్టు అంచు ఇనుముకూ మధ్య పడి నలిగిపోయింది.

నెల్లూరు ఆసుపత్రిలో చిటికెన వేలు మొత్తం, ఉంగరపు వేలు సగం తీసేశారు. మిగతా చెయ్యి దక్కింది.

అతను అక్కడున్న పది రోజులూ సుమయ్య ఏడ్చే తీరిక కూడా లేకుండా ఆసుపత్రికీ ఇంటికీ తిరిగింది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే ప్రశ్న వేశారు. ఆ రోజు రోజా ఉన్నాడా? ఉన్నాడనగానే తల పంకించి, "అంతే మరి, కడుపులో ఏం లేకపోతే కళ్ళు తిరగవా?" అనేవారు. మొదట్లో ఆసిమ్ కాదని చెప్పేవాడు. పదిమంది అదే మాట అనేసరికి అతనికీ అనుమానం వచ్చింది.

"నాకే తెలీకుండా నీరసం వచ్చిందేమో," అన్నాడు ఒక సాయంత్రం, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని. "అడుగు పడాల్సిన చోట పడలేదేమో."

జమాల్‌బీ ఆ మాటకు తట్టుకోలేకపోయింది. "పన్నెండేళ్ళ వయసు నుంచి రోజాలుంటా ఉండావు. మే నెల ఎండలో మిద్దెల మీద కూర్చోని పరుపులు కుట్టినావు. ఏ రోజన్నా సూది గుచ్చుకునిందా? ఇప్పుడు దేవుడి పేరన ఉన్న ఉపాసం నీ చెయ్యి ఇరగ్గొట్టిందంటావా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆసిమ్ మందుల వల్ల ఆ నెల మిగిలిన రోజాలు ఉండలేకపోయాడు. ఇఫ్తార్ వేళ అందరూ ఖర్జూరం నోట్లో పెట్టుకుంటుంటే తను గోడవైపు తిరిగి పడుకునేవాడు. సుమయ్యకు తెగిన వేళ్ళకన్నా అలా తిరిగిన ఆ వీపే ఎక్కువ బాధ పెట్టింది.

అలాంటప్పుడు ఒక గురువారం కంపెనీ సేఫ్టీ ఆఫీసరు గిరిబాబు ఇంటికొచ్చాడు. ముప్పై ఏళ్ళు నిండని మనిషి, మాట మెత్తన. పండ్లు తెచ్చాడు, ఆసిమ్ పక్కన కూర్చుని బాగోగులడిగాడు. లేవబోయే ముందు సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు.

"ఇది ప్రమాదం రిపోర్టు అన్నా. ఏం లేదు, జరిగింది రాసినాం. నువ్వు సంతకం చేస్తే మిగతా పనులు కదుల్తాయి."

ఆసిమ్ కుడిచేత్తో పెన్ను అందుకోబోయాడు. సుమయ్య ఆ కాగితాలు తన చేతిలోకి తీసుకుంది. అంతా ఇంగ్లీషు.

"ఇందులో ఏం రాసినారు సార్?"

"జరిగిందే అమ్మా."

"జరిగింది మాకు తెలుసు. రాసింది తెలీదు. ఒక్క మూడు రోజులు మా దగ్గరుంచండి. చదువుకోని సోమవారం నేనే తీసకొస్తా."

గిరిబాబు కాసేపు తటపటాయించాడు. ఇవ్వకూడదని ఎక్కడా లేదు, ఇవ్వాలనీ లేదు. చివరికి సరేనని లేచాడు.

ఆ సాయంత్రం ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు నిషాత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని సుమయ్య ఆ కాగితాలు చదివింది. తెలీని మాటలు చాలా ఉన్నాయి. కానీ ఒక మాట మాత్రం మూడు చోట్ల కనబడింది. పెన్సిలుతో మూడింటికీ సున్నా చుట్టింది. మొదటి చోట, ఓడ మీది నుంచి 'మేక్ ఫాస్ట్' అని ఆర్డరు ఇచ్చారని ఉంది. రెండో చోట, వర్కరు చాలా ఫాస్ట్‌గా కదిలాడని ఉంది. మూడో చోట, ప్రమాదానికి కారణం అనే గడిలో, వర్కరు ఫాస్టింగ్‌లో ఉన్నందువల్ల నీరసపడి పట్టు తప్పాడని ఉంది.

"రెండోది తొందరగా అని. మూడోది రోజా అని," చెప్పింది నిషాత్.

"మొదటిది?"

"అదీ తొందరే గదమ్మా. తొందరగా చెయ్యండీ అని."

సుమయ్య పెన్సిలు కింద పెట్టింది. "తొందరగా చెయ్యమన్నారు. మీ నాయన తొందరగానే చేసినాడు. మళ్ళా తొందరపడినందుకు తప్పు ఆయనదేనంటా ఉండారు. ఇదెట్ట కుదురుతాది?"

మంచం మీద నుంచి ఆసిమ్ తల తిప్పాడు. "నన్ను బండిలో ఎక్కించేటప్పుడు ఓడ మీది ముసలాయన ఒకడు హిందీలో తిట్టినాడు. నిలబడమంటే ఎందుకు పరిగెత్తినావని. బాధలో ఏదో అంటా ఉండాడనుకున్నా."

"నిలబడమన్నారా?"

"అట్టా అన్నాడు మరి."

ఆ ముడి సుమయ్యను వదల్లేదు. మర్నాడు కొట్టు తెరిచి మిషన్ ముందు కూర్చున్నా మనసు ఆ కాగితం మీదే ఉంది. పదకొండు గంటలప్పుడు ఒక ముసలామె మెరూన్ రంగు జాకెట్టు గుడ్డ తెచ్చి, "ఉతికితే రంగు పోతాదా అమ్మా?" అని అడిగింది. సుమయ్య అలవాటుగా గుడ్డ అంచు తిప్పి, అక్కడ బంగారు అక్షరాలతో అచ్చేసి ఉన్నది చదివింది. "పోదవ్వా. ఫాస్ట్ కలర్."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా రోజుకు పదిసార్లు అంటున్న మాట అది. ఎన్నడూ దాని వంక చూడలేదు. రంగు తొందరగా ఉంటుందని కాదు కదా ఆ మాటకు అర్థం. రంగు ఉపవాసం ఉండేదీ లేదు. గుడ్డను పట్టుకుని ఎక్కడికీ పోకుండా ఉండే రంగును ఫాస్ట్ అంటున్నారు.

"ఏమైంది తల్లీ, గుడ్డ బాగలేదా?" అని ముసలామె అడుగుతూనే ఉంది.

నిషాత్ బడినుంచి రాగానే నిఘంటువు తెప్పించింది. ఎఫ్ అక్షరం దగ్గర ఇద్దరూ వేలు పెట్టి చదివారు. వేగంగా. గడియారం ముందు నడవడం. ఉపవాసం. వెలిసిపోని రంగు. గాఢమైన నిద్ర. ఆ తర్వాత ఒక అర్థం దగ్గర నిషాత్ వేలు ఆగింది. గట్టిగా బిగించిన, కదలకుండా కట్టిన.

"అమ్మా, మేక్ ఫాస్ట్ అంటే కట్టెయ్యమని!"

ఆసిమ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. కాలి పక్కనే ఉన్న బొల్లార్డు అతని కళ్ళ ముందు మెదిలింది. ఉచ్చును దాని మీద పడేసి వెనక్కి జరిగి ఉంటే చాలు. అతన్ని కదలొద్దన్న మాటే అతని చెవిలో పరిగెత్తమన్నట్టు పడింది.

అయినా సుమయ్యకు తృప్తి కలగలేదు. బడిపిల్ల నిఘంటువు చూపించి ఆఫీసులో మాట్లాడితే నవ్వుతారని ఆమెకు తెలుసు. ఓడల పని తెలిసిన మనిషి నోటితో వినాలి. ఆసిమ్‌తో కలిసి పనిచేసే ఒకతని పెదనాన్న మస్తానయ్య, ముప్పై ఏళ్ళు చెన్నైలోనూ విశాఖలోనూ పెద్ద ఓడల్ని లాగే టగ్గు బోట్లను నడిపే సరంగుగా చేసి, ఇప్పుడు జువ్వలదిన్నెలో ఉంటున్నాడని తెలిసింది. ఆదివారం పొద్దున్నే నిషాత్‌ను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి అక్కడికి పోయింది. తను రోజాలో ఉంది, దారిలో గుక్కెడు నీళ్ళు కూడా లేవు.

మస్తానయ్య డెబ్భై దాటిన మనిషి. హార్బరు గట్టు మీద వల బాగుచేసే వాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. సుమయ్య చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. తర్వాత లేచి, గట్టుకు ఆనించిన ఒక బోటు తాడు అందుకుని, పక్కనున్న ఇనుప కొయ్యకు రెండు చుట్లు చుట్టి బిగించాడు.

"మేక్ ఫాస్ట్ అంటే ఇదమ్మా. యాడ దగ్గరైతే ఆడ కట్టు, కట్టి పక్కకు పో. అంతే. నీ ఇంటాయన నిలబడాల్సిన చోట పరిగెత్తినాడు."

"ఆయనకు ఎవురూ చెప్పలేదు పెద్దాయనా."

"ఎవురు చెప్తారు? నాకు మాత్రం చెప్పినారా?" ముసలాయన తాడు మీద చెయ్యి పెట్టి సముద్రం వైపు చూశాడు. "చేరిన కొత్తల్లో నేనూ పరిగెత్తినా. తాడు తగిలి నా నెత్తిన టోపీ ఒక్కటీ ఎగిరి నీళ్ళల్లో పడింది. అరంగుళం కిందకైతే తలకాయే పోయేది. ఆ రోజు నన్ను చూసి అందరూ నవ్వినారు. సిగ్గుతో నేనూ నవ్వేసినా. ఆ మాటకి అర్థం ఏందని అడగలా. అడిగుంటే నా వెనక వచ్చినోళ్ళకన్నా తెలిసేది."

తన ఫోను నంబరు నిషాత్ చేత రాయించి, "అవసరమైతే ఫోను చెయ్యి, ఎవురితోనైనా మాట్లాడతా" అని పంపాడు.

సోమవారం పదింటికి సుమయ్య ఆఫీసుకు పోయింది. మెడకు వేలాడే గుడ్డలో చెయ్యి పెట్టుకుని ఆసిమ్ కూడా వచ్చాడు. మేనేజరు శివశంకర్ బల్లకు అవతల, గిరిబాబు పక్కన కూర్చున్నారు.

"సంతకం చేసినారా?" అన్నాడు శివశంకర్.

"ఒక మాటకి అర్థం తెలిస్తే చేస్తాం సార్." ఆమె సంచిలోంచి మెరూన్ గుడ్డ ముక్క తీసి బల్ల మీద పరిచింది. అంచు మీద అక్షరాల దగ్గర వేలు పెట్టింది. "ఇక్కడ ఫాస్ట్ అంటే ఏంది సార్?"

శివశంకర్‌కు ఏమీ అర్థం కాలేదు. గిరిబాబే చెప్పాడు. "రంగు పోదని."

"ఈ కాగితంలో వర్కరు ఫాస్ట్‌గా కదిలాడని రాసినారు. అక్కడ?"

"వేగంగా అని."

"కారణం కాడ రాసిన ఫాస్టింగ్?"

"ఉపవాసం."

"మరి ఓడ మీంచి అరిచిన ఫాస్ట్ ఈ మూడింట్లో ఏది?"

గిరిబాబు కాగితం తన వైపు తిప్పుకుని ఆ వాక్యం మళ్ళీ చదివాడు. అతనికి తెలుసు. చదువులో నేర్చుకున్నాడు. రిపోర్టు రాసేటప్పుడు ఆ మాట పక్కనే ఇంకో అర్థంతో అదే మాట రాస్తూ కూడా ఆగి చూసుకోలేదు.

"కట్టు అని," అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"ఆ సంగతి మీకు తెలుసు. మా ఇంటాయనకి తెలుసా అని అడగండి సార్. ఆయన్నే గాదు, బయట ఉండే అందర్నీ అడగండి. ఒక్కరు సరిగ్గా చెప్పినా నేను సంతకం చేయించి పోతా."

శివశంకర్‌కు కోపం వచ్చింది. దర్జీ పని చేసుకునే ఆడమనిషి తన ఆఫీసులో కూర్చుని తనను ప్రశ్నలడగడమేమిటన్నట్టు చూశాడు. గిరిబాబే లేచి తలుపు తీశాడు. ఆ పూట గట్టు మీద పనిలో ఉన్న ఎనిమిది మందినీ ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి, మేక్ ఫాస్ట్ అంటే ఏం చెయ్యాలని అడిగాడు. ఆరుగురు బిరబిరా కానివ్వాలన్నారు. ఒకడు, ఏమో సార్, మిగతావాళ్ళు చేసేది చూసి చేస్తా అన్నాడు. ఏడేళ్ళ అనుభవమున్న ఎనిమిదో మనిషి మాత్రం తాడు తగిలించాలన్నాడు. అయితే అతను కూడా, "ఆ మాటకి అర్థం అదని కాదు సార్, అరిచేటప్పుడు తాడు తగిలించడమే పని కాబట్టి" అన్నాడు.

ఇంకోడు అడక్కుండానే ఒక సంగతి చెప్పాడు. "లెట్ గో అన్నప్పుడు కూడా మాకు తికమకగా ఉంటాది సార్. పోదాం పదండి అంటా ఉండారేమో అనుకోని పోయినసారి నేను తాడు కాడి నుంచి ఎళ్ళిపోయినా."

లెట్ గో అంటే తాడు వదిలెయ్యమని. శివశంకర్ ముఖంలో కోపం పోయి వేరే రంగు వచ్చింది. ఇంకొకడి చెయ్యో ప్రాణమో పోకుండా ఇన్నాళ్ళూ గడిచింది కేవలం అదృష్టమని అతనికి అప్పుడు తట్టింది.

"ఏం చేద్దామంటావమ్మా?" అన్నాడు. 'అమ్మా' అనడం అదే మొదలు.

"రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి సార్. ఆయన రోజా మీద తప్పు వేయొద్దు. మేము అడిగేది అంతే."

రిపోర్టు అక్కడే తిరగరాశారు. కారణం అనే గడిలో ఉపవాసం మాట కొట్టేసి, ఆర్డరులోని మాటకు అర్థం వర్కర్లకు నేర్పలేదని రాశారు. గిరిబాబు దాన్ని తెలుగులో కూడా ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆసిమ్ తెలుగుది చదివి రెండింటి మీదా సంతకం చేశాడు. వైద్యం ఖర్చు, కోలుకునేదాకా జీతం కంపెనీ భరించాలని కూడా అదే రోజు తేలింది.

ఇంటికొచ్చాక జమాల్‌బీ ఆ తెలుగు కాగితాన్ని కొడుకు చేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి ఆసిమ్ మధ్యలో ఆపి, మిగతాది కూతురి చేత చదివించాడు. ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు గోడవైపు తిరగలేదు. లేచి వచ్చి అందరి మధ్యా కూర్చున్నాడు, కుడిచేత్తో తల్లికి ఖర్జూరం అందించాడు. సుమయ్య వంటింట్లోకి పోయి, చాలా రోజుల తర్వాత ఆ రోజు ఏడ్చింది.

పండగ వెళ్ళిన నాలుగో రోజున గిరిబాబు ఆమె కొట్టుకే వచ్చాడు. కస్టమర్లు కూర్చునే బల్ల మీద కూర్చుని, కొంచెం ఇబ్బందిగా అసలు సంగతి చెప్పాడు. జెట్టీ మీద వాడే మాటలన్నీ తెలుగులో పెట్టాలని మేనేజరు ఒప్పుకున్నాడు. కానీ తను రాస్తే అవి పుస్తకం మాటల్లా వస్తున్నాయి.

"బంధించుము అని రాసినా అక్కా. మావోళ్ళు చదివి నవ్వుతా ఉండారు."

సుమయ్యకు కూడా నవ్వొచ్చింది. "కట్టు అని రాయి నాయనా. గాలిలో అరిస్తే వినబడాల. రెండు మూడక్షరాల కన్నా ఎక్కువుంటే గాలి తీసకపోతాది."

ఆ మధ్యాహ్నం మొదలుపెట్టి పదిహేను మాటలు తేల్చడానికి ఇద్దరికీ రెండు వారాలు పట్టింది. ఒక్కో మాటకూ జువ్వలదిన్నెకు ఫోను వెళ్ళేది. బిగిసిన తాడుకు కొంచెం జారుడు ఇవ్వమనే స్లాక్‌కు వదులు అని సుమయ్య రాస్తే మస్తానయ్య ఒప్పుకోలేదు. "లెట్ గో కి వదులు అని పెట్టినావు గదా. రెండింటికీ అదే మాటైతే మళ్ళా మొదటికొస్తాం. దీనికి సడల్చు అని రాయి" అన్నాడు. అలా ఒక్కో మాటకూ ఒక్కటే అర్థం ఉండాలని ఆమె పట్టుబట్టింది. కాగితపు బోర్డు ఉప్పుగాలికి నెలలో పాడవుతుందని మందపాటి కాన్వాసు తెప్పించింది. ఎరుపు గుడ్డతో అరచెయ్యంత అక్షరాలు కత్తిరించి, ఒక్కోటీ రెండు కుట్లు వేసి దాని మీద కుట్టింది. పైన ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో, కింద దాని అర్థం. అందులో మొట్టమొదటిది, మేక్ ఫాస్ట్, కట్టు.

అది గట్టు మీద షెడ్డులో తగిలించిన శనివారం, నేర్పడం కూడా నువ్వే చెయ్యమని గిరిబాబు అడిగాడు. సుమయ్య భయపడింది. జెట్టీలో ఆడవాళ్ళు అడుగుపెట్టడమే అరుదు. అక్కడ నిలబడ్డ పదకొండు మంది మగవాళ్ళలో ఒకరిద్దరు, జాకెట్టు కొలతలు నేర్పుతుందా అని గుసగుసలాడింది ఆమె చెవిన పడింది కూడా. ఆమె గొంతు సవరించుకుంది.

"నాకు తాడు పట్టడం రాదన్నా. మీకు వచ్చు. నేను మాట చెప్తా, మీరు పని చెయ్యండి. తప్పైతే ఈ రోజు నవ్వుకుందాం."

అని, ఒక్కసారిగా గట్టిగా "మేక్ ఫాస్ట్!" అని అరిచింది. నలుగురు ఇంకా తెలీకుండానే రెండడుగులు పరిగెత్తి ఆగిపోయారు. అందరూ నవ్వారు, పరిగెత్తినవాళ్ళు కూడా. ఇరవైసార్లు చేయించేసరికి ఒక్కరూ కదల్లేదు, ఉచ్చులన్నీ కాలి దగ్గరి మొద్దు మీదే పడ్డాయి.

ఆసిమ్ రెండు నెలల తర్వాత పనికి తిరిగొచ్చాడు. తాడు లాగే పని ఇక అతనివల్ల కాదు. అతనికి వాకీటాకీ ఇచ్చారు. ఓడ మీంచి వచ్చే ఇంగ్లీషు ఆర్డరును విని, తెలుగులో గట్టు మొత్తం వినబడేలా చెప్పడం అతని పని. పరుపుల కోసం వీధి వీధీ తిరిగి కేకలు వేసిన గొంతు అది, గాలికి ఎదురు నిలిచింది. నవంబరులో వాయుగుండం రోజున గట్టుకు కట్టిన ఓడను అప్పటికప్పుడు లోతు నీళ్ళలోకి పంపాల్సి వచ్చినప్పుడు ఎనిమిది తాళ్ళనూ అతని కేక వెంబడి ఒకటొకటిగా వదిలారు. వానలో ఎదుటి మనిషి కనబడని ఆ పూట, ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఆ సంగతి సుమయ్యకు ఆసిమ్ చెప్పలేదు. తడిసిన బట్టలతోనే గిరిబాబు వచ్చి చెప్పాడు, చెప్పి ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

"నాకెందుకు నాయనా దండం. తుడుచుకో ముందు," అని ఆమె కుట్టకుండా మిగిలిన తువ్వాలు గుడ్డ ముక్క అతని చేతికిచ్చింది.

ఇప్పుడు నెలకో శనివారం సుమయ్య కొట్టు మధ్యాహ్నం మూసి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఆమె పాఠం వినకుండా తాడు ముట్టుకోకూడదని శివశంకరే రూలు పెట్టాడు. ముసలి మస్తానయ్య కూడా రెండుసార్లు వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుని విని వెళ్ళాడు.

ఈ మధ్య ఒడిశా నుంచి ఇద్దరు మనుషులు పనికి చేరారు. వాళ్ళకు తెలుగు రాదు, గుడ్డ మీది అక్షరాలు చదవలేరు. సుమయ్యకు ఆ విషయం తెలియగానే శనివారం దాకా ఆగకుండా ఆసిమ్ చేత ఇద్దర్నీ కొట్టుకు పిలిపించింది. టీ తెప్పించి, ఒక దారపు ఉండ తీసి కుర్చీ కోడుకు చుట్టి ముడేసి చూపించింది. దీన్ని మీ భాషలో ఏమంటారని సైగ చేసింది.

"బాంధ," అన్నాడు ఇద్దర్లో పెద్దవాడు.

ఆమె కొలతల పుస్తకంలో రాసుకుంది. ముడి విప్పి దారం వదిలేసింది.

"ఛాడ."

ఆమె పలికింది. ఇద్దరూ నవ్వి తల అడ్డంగా ఊపారు. మళ్ళీ పలికింది. ఇంకా సరిగ్గా రాలేదు. అవతల ఒకామె జాకెట్టు కోసం ఎదురుచూస్తూ గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక్క నిముషమక్కా" అని ఆమెకు చెప్పి, సుమయ్య వాళ్ళ పెదాల వంక చూస్తూ మూడోసారి ప్రయత్నించింది.